కోడెది ఏ ఊరు?

పందొమ్మిదేండ్లు
టీవీఎస్ బండి వెనక కట్టుకోని తిరిగినా
చలిపొగ కక్కే క్యాను.
చౌడేపల్లె నుంచి సోమల దాకా
ఏ ఆవు ఎదకొచ్చి అరిచినా
ఫోను నాకే.

క్యానులో జెర్సీ, క్యానులో హెచ్చెఫ్,
గడ్డిపరకంత గొట్టాల్లో
యాడో పుట్టిన కోడెల వంశాలు.
పూటకు పది లీటర్లని నేను చెప్తే
ఊరంతా తలూపింది.
అబద్ధం కాదు, ఇచ్చినాయి కూడా.
ఆ పాలతోనే మిద్దెలు లేచినాయి,
ఆ పాలతోనే నా బిడ్డ నర్సింగు చదివింది.
అది దాచను.

మునిలచ్చుమమ్మ ఒక్కతే
గడప దిగకుండా చెప్పేది:
"మా బుడ్డికి వద్దులే నాయినా,
అంత దూడను ఇది యాడ కంటాది?
నొప్పులు నువ్వు పడతావా?"

బుడ్డి అంటే
నా నడుముకు కూడా రాని ఆవు.
తెల్లటి ఒళ్ళు, వీపు మీద బూడిద చల్లినట్టు.
పట్టుకుంటే కదిలే వేలెడు కొమ్ములు.
తోక మాత్రం
ఎవురి పెద్దావు దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు
నేల ఊడ్చుకుంటా వచ్చేది.
పూటకు సత్తుగిన్నెడు పాలు.
వేలు ముంచి తీస్తే
వేలికి చొక్కా తొడిగినట్టుండేది.

వరసగా మూడేండ్లు
వాన మొగం చాటేసింది.
వెయ్యడుగుల బోరు దుమ్ము కక్కింది.
ఫ్యాను కింద నిలబడి రొప్పే ఆవుల్ని
లారీలు ఎక్కించుకోని పోయినాయి.
పోలేనివి కొట్టంలోనే కాళ్ళు చాపినాయి.
చెవి బిళ్ళలు కోసి
ఇన్సూరెన్సు కాగితాలకు గుచ్చింది నేనే.
అట్టపెట్టెలో పసుపు బిళ్ళలు,
బండి గుంతలో పడినప్పుడల్లా
గలగలమనేవి.

ఆ ఎండలో
గుట్ట మీద, బండల సందున బుడ్డి.
ఏం దొరికిందబ్బా దీనికని ఎక్కి చూసినా.
చెనక్కాయ కట్టె నాలుగు పుల్లలు,
రాలిన చింతాకు,
ఆపైన నా జేబులోంచి లాక్కున్న బీడీకట్ట కాగితం.
మధ్యాన్నానికి దిగొచ్చి
గోడనీడన పండుకోని నెమరేసింది,
కరువు సంగతి
దానికెవురూ చెప్పనట్టు.

ఇప్పుడు కార్లలో వస్తా ఉండారు.
చిన్నావు కావాల, ఎంతైనా ఇస్తామంటారు.
హాల్లో సోఫా పక్కన కట్టేసుకుంటారంట.
మునిలచ్చుమమ్మ ఒకాయన్ని అడిగింది:
"పేడ ఎవురెత్తుతారు సామీ?"
ఆయన డ్రైవరు పక్క చూసినాడు.

మొన్న బుడ్డి అరిచింది.
ఊళ్ళో కోడె లేదు.
ఉండె. ఎర్రది,
వాళ్ళ బావ చెంగల్రాయుడిది.
క్యాంపు రోజు లెక్క చూపించాలని
పట్టకారుతో విత్తు కొట్టింది నేనే.
అది పడి, లేచి
నన్ను చూసింది.
తిట్టలేని జీవం, చూసింది అంతే.
ఆ పొద్దు ఆమె అక్కడే నిలబడి ఉండె.
అయినా నాకే ఫోను చేసింది.

ఈ తూరి క్యానులో ఉన్నది
పొట్టావు జాతి గొట్టమే.
చెంబులో గోరువెచ్చటి నీళ్ళు పోయించి
అందులో వేసినా.
"ఇది ఏ ఊరి కోడె?" అన్నది.
గొట్టం మీద నెంబరు చదివినా.
"నెంబరు కాదబ్బా, ఊరు చెప్పు."
పలమనేరు ఫారం, అన్నా.
సంబంధం మాట్లాడేటోళ్ళ మాదిరి
కాసేపు లోపల్లోపల లెక్కేసింది.
"దూరమేం లేదులే," అన్నది,
"తాగే నీళ్ళు ఒకటే."

ఇరవై ఒకటో నాడు
బుడ్డి మళ్ళా అరిచింది.
నిలవలా.
ఆమె ఏమీ అనలా. మజ్జిగ పోసింది.
లోటా అంచున అంటిన వెన్న
వేలికి పట్టి
బోరింగు కాడ రెండుసార్లు కడిగినా పోలా.
క్యాను మూత తీసి చూసినా,
పొగ పలచబడింది.
పలమనేరు పోయి
నింపుకోని రావాల.