ఒకటిన్నర

ఔలు పట్టణంలో నవంబరు.
మూడింటికే వీధిదీపాలు.
బూట్లకంటిన మంచు గుమ్మంలో దులుపుకుని
మూడోసారి వచ్చాడు తైస్తో,
కాగితం మిల్లులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషి.
జేబులో నాలుగు మడతల చీటీ,
దాని మీద అవే రెండు లెక్కలు:
ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి జోడీగా అలాంటిదే ఇంకొకటి, పాతది, చవక;
లేదా ఉన్నది అమ్మేసి, కొత్తగా వచ్చిన పెద్దది ఒక్కటే.
మధ్యలో గీత. గీత మీద కాఫీ మరక.

చెప్పాల్సింది చెప్పాను.
ఒకటి పక్కన ఒకటి నిలబెడితే పదకొండు అంటారు గానీ
ఈ పెట్టెలో మాత్రం ఒకటిన్నర,
అదీ ఆట ఒప్పుకుంటే.
ఒప్పుకోని ఆటలో రెండోది
టికెట్ కొని నిద్రపోయిన ప్రేక్షకుడు.
జ్ఞాపకం కూడా కలవదు, తైస్తో:
దీనికి రెండు, దానికి రెండు, మొత్తం నాలుగు కాదు.
ఒకరికి తెలిసిందే ఇంకొకరికీ తెలుసు, అంతే.
కరెంటు మాత్రం ఎవరి వాటా వాళ్లు తాగుతారు.

అతను విన్నాడు. వినడం అతనికి బాగా వచ్చు.
తర్వాత చవకదే కొన్నాడు.
రెండింటినీ కలిపే వంతెన ఊరికే ఇచ్చాను,
వేలెడంత నల్లటి ముక్క.

ఇంట్లో జరిగింది తర్వాత అతనే చెప్పాడు.
తెర మూలన అంకె యాభై నుంచి తొంభైకి ఎక్కిందట.
ఆట వదిలేసి అంకెనే చూస్తూ కూర్చున్నాడట.
గది ఎంత వేడెక్కిందంటే హీటరు తగ్గించి
స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించాడట.
ఫ్యాన్ల హోరుకి కుక్క వంటింట్లోకి మకాం మార్చిందట.

అప్పుడొచ్చింది ఇల్మి.
ఇల్మికి ఆటలు పట్టవు.
ఇరవై రెండేళ్లుగా అదే మిల్లులో
పరుగెత్తే కాగితం మీద మచ్చ వెతకడం ఆమె పని.
అంత తెల్లదనంలో
ఆవగింజంత లోపాన్ని ఆపేసే కళ్లు.
కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి
తెర మీద గుర్రం పరుగు నిమిషం సేపు చూసి
"కుంటుతోంది" అంది.
"ఏది, గుర్రమా?"
"కాదు. బొమ్మ."
"తొంభై ఉంది, చూడు!"
"ఎంతైనా ఉండనీ. ఒకటి ముందే వచ్చేస్తోంది, ఒకటి ఆగి వస్తోంది.
గీసేది ఇద్దరు కదూ?"

ఆమెకి ఎవరూ చెప్పలేదు
బేసి బొమ్మ ఒకరు, సరి బొమ్మ ఒకరు
వంతులేసుకుని గీస్తారని,
ఒకరిది తెర మీద ఆరకముందే
రెండోవారు తమది తోసేస్తారని,
సగటు లెక్కకి ఆ తడబాటు కనబడదని.
నాకు తెలుసు. తైస్తోకి చెప్పానా?
చెప్పలేదేమో.
అమ్మే రోజున అన్నీ గుర్తుకు రావు.

ఒకసారి చూపించాక
అతనికి ఇంకేమీ కనబడలేదు.
గుర్రం, వాన, కంచె మీంచి లేచే కాకులు,
అన్నిట్లోనూ పంటి కింద రాయి.

క్రిస్మస్‌కి పది రోజుల ముందు ఇద్దరూ వచ్చారు.
డబ్బు వెనక్కి ఇమ్మని కాదు.
"ఆ పెద్దది ఒకసారి నడిపి చూపించు" అంది ఇల్మి.
కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని
మిల్లులో నిలబడ్డట్టే నిలబడింది.
రెప్ప కొట్టిందో లేదో నేను చూడలేదు.
అంకె డెబ్భై దాటలేదు.
"ఇది నడుస్తోంది" అంది.
"తక్కువ కదా..." అన్నాడు తైస్తో,
అంటూనే పర్సు తీశాడు.

పాతవి రెండూ నా బల్ల మీదే మిగిలాయి,
వంతెనతో సహా.

నిన్న శనివారం ఒక కుర్రాడు వచ్చాడు,
సైకిల్ హెల్మెట్ తియ్యకుండానే
వాటిని వేలితో చూపించి
"రెండూ కలిపి తీసుకుంటే ఎంత?" అన్నాడు.

ధర నోటి దాకా వచ్చింది.
మింగి, అడిగాను:
ఇంట్లో నీ పక్కన నిలబడి చూసేవాళ్లు
ఎవరైనా ఉన్నారా?