నలభై ఐదు శాతం

నా చెవుల్లో పిట్టలు చచ్చిపోయి ముప్పై ఏళ్లు.
డండీ జనపనార మిల్లులో మగ్గాల మోత
ముందు పిట్టల్ని తిన్నది,
తర్వాత కెటిల్ ఈలని,
ఆ తర్వాత పిల్లల మాటల్లోంచి
'స'లూ 'ష'లూ ఏరుకు తిన్నది.
లావు చప్పుళ్లు మాత్రం వదిలేసింది:
లారీలు, ఉరుములు,
మంచం కోళ్లలోంచి ఎక్కి వచ్చేవి.

అందుకే పై వాటాలో షోనా మక్‌వే
బేస్ గిటారు కొన్న సంగతి
ఈ మెట్లమీద అందరికంటే ముందు
చెవిటి ఎఫీకే తెలిసింది.

సాయంత్రం ఏడు. బస్సు డిపోలో వదిలి వస్తుంది.
బూట్లు విప్పిన రెండు దెబ్బలు.
కాసేపు ఏమీ లేదు. తింటుందేమో.
ఆపైన మొదలు:
దుమ్... దుమ్... దు
మళ్లీ మొదటికి.
దుమ్... దుమ్... దు
గానుగెద్దుకైనా రాత్రికి గంతలు విప్పుతారు కదా!
నాలుగో రోజు చీపురుకర్ర తీసుకుని
ఈ మోకాళ్లతోనే కుర్చీ ఎక్కాను.
ఎక్కి, కర్ర కొసని కప్పుకి ఆనించి,
కొట్టబోయి
ఆగాను.
కర్రలోంచి అరచేతిలోకి దిగుతోంది,
గాలం కింద చేప కదిలినట్టు.

ఆదివారం షార్ట్‌బ్రెడ్ పట్టుకుని తనే వచ్చింది,
క్షమాపణకి.
నాకు పెదాలు కనబడేలా ఎదురుగా కూచుని
ల్యాప్‌టాప్ తెరిచింది.
పాట మొత్తం గొంగళిపురుగులా అడ్డంగా పడుకుని ఉంది.
దాని నడుంమీద రెండు జెండాలు గుచ్చింది.
ఈ జెండా నుంచి ఆ జెండాకి,
నేను చాలనేదాకా తిరుగుతూనే ఉంటుంది, అంది.
పక్కన అంకె: నలభై ఐదు శాతం.
"నెమ్మదించినా శృతి పడిపోదు, ఎఫీ."

మా రోజుల్లో తిరిగే రికార్డు మీద వేలు పెడితే
పాడే పిల్ల ఎద్దులా రంకె వేసేది.
నెమ్మదించడమూ దిగజారడమూ ఒకటేనని
అప్పటినుంచీ నమ్ముతున్నాను.
మెట్లెక్కేటప్పుడు మరీ.

ఇంకో మీట జరిపింది.
పాడేవాళ్లని మూలకి నెట్టింది, తాళాల్ని తుడిచేసింది,
అడుగున ఉన్నదాన్ని పైకి తెచ్చింది.
ఆ మీట నాకు మిల్లే జరిపేసిందని
చెప్పాలనుకుని, బిస్కెట్ కొరికాను.

జనవరికి యాభై ఐదు.
నది మీంచి మంచు వచ్చి కిటికీలు మూసిన వారం, డెబ్బై.
తెల్లవారు డ్యూటీలు పడ్డప్పుడు
పైన ఏమీ ఉండేది కాదు;
ఆ వారాలు పొడుగ్గా ఉండేవి.
మూడో చుట్టులో ఒకచోట
ఆమె వేలు జారేది. ప్రతిసారీ అక్కడే.
నూలు ఎక్కడ తెగబోతోందో
కంటికంటే ముందు చేతికి తెలిసేది నాకు,
ఇదీ అంతే.
చెంచా గిన్నెలో ఆపి, ఎదురుచూసి,
జారాక మళ్లీ కలిపేదాన్ని సూపు.

మార్చిలో ఒక గురువారం జారలేదు.
మళ్లీ తిరిగింది. జారలేదు.
చెయ్యెత్తి నిలబడ్డా
బస్సు ఆగకుండా వెళ్లిపోయినట్టయింది.
సూపు అడుగంటింది.

మొన్న మందుల షాపులో
కౌంటరు చెక్క మీద చేతులు ఆనించి ఉన్నాను.
చెక్క కదిలింది.
దుమ్ దుమ్ దుమ్మని, పరుగెత్తుతూ, నూటికి నూరు.
ఆ పాట పేరు నాకు తెలియదు,
పాడేది ఆడో మగో తెలియదు.
ఇంటిని పునాది నుంచి ఎరిగినవాళ్లకి
వాకిలి రంగు తెలియకపోతే ఏం?
మూడో చుట్టులో ఆ చోటు వచ్చింది,
నా వేలు జారింది చెక్క మీద,
షోనా వంతు కూడా.

మందులబ్బాయి పెదాలు కదుపుతున్నాడు,
పేరో, పుట్టిన తేదీయో.
మళ్లీ మొదటినుంచి అడుగు నాయనా, అన్నాను.
కాస్త నెమ్మదిగా.