మూడు వేళ్ళ మరక

బొగ్గుల సంచిల పుట్టిండు గనక బొగ్గు.
తల్లి ఏడికెళ్ళొచ్చిందో, ఎటు పోయిందో.
నల్లగొండల, రామగిరి మూలమీద, నా ఇస్త్రీ బండి కింద
ఏడేండ్ల సంది దుకాణం ఆయనది, కాపలా ఆయనది.
నేను కిరాయిదారును.

చైత్రంల ఒకనాడు కుంటుకుంట వచ్చిండు.
ముల్లు గుచ్చుకున్నదనుకున్న.
ముందరి కుడికాలు, బయటి వేలు.
గోరు ఊడిపోయి మల్ల మొలవక
అక్కడ ఎర్రగ ఒక పుండు, కన్ను తెరిచినట్టు.
పసుపు పెట్టిన. వేపాకు నూరిన.
అండమ్మ ఉప్పునీళ్ళు కాచింది.
మేం పెట్టేది మేం పెడుతుంటె
అది పెరిగేది అది పెరిగింది.

పశువుల దవాఖానల డాక్టరమ్మ నస్రీను,
మా బిడ్డ కన్న చిన్నగుంటది,
ముక్క తీసి పట్నం పంపింది.
పన్నెండు దినాలు.
వచ్చిన కాయితం చదివి, మడిచి, మల్ల ఇప్పి
"క్యాన్సరు" అన్నది.
"కుక్కకా?" అన్నడు వరుసల నా ఎనక
గొర్రెను పట్టుకొని నిలవడ్డోడు.
నల్ల కుక్కలకే ఎక్కువొస్తదట, గోరు కింద.
ఆ పేరు పెట్టిన నోరు నాదే.
కొద్దిసేపు మూసుకున్న.

వేలు తీస్తె బతుకుతడా అంటె
"తియ్యకపోతె బతకడు" అన్నది.
ఇంకో మాట చెప్పలే.
అండమ్మ చీటీ పైసలు తెచ్చి బల్ల మీద పెట్టింది,
ఎన్నో నేను అడగలే.
లోపల కోస్తున్నంతసేపు
బయట తాడు పట్టుకొని కూసున్న,
అవతలి కొసకు ఎవరూ లేని తాడు.

కట్టు కట్టిన కాలు తెల్లగ, మిగిలినోడంత నల్లగ.
నాకకుండ, పెయింటు బకెట్టు అడుగు కోసి మెడకేసిన.
తలుపుకు గుద్దుకునుడు, చక్రానికి గుద్దుకునుడు,
గుద్దుకున్నప్పుడల్లా నా దిక్కు చూసుడు.
మిరుగు వాన పడితె
కట్టు మీద పాల ప్యాకెట్టు తొడిగి రబ్బరు బ్యాండేసిన.
సర్వపిండిల గోలి దాచి పెడితె
సర్వపిండి తిని, గోలి నా చెప్పు పక్కన పెట్టెటోడు,
చిల్లర తిరిగిచ్చినట్టు.

రాత్రి, మందు దిగినంక, మూలిగెటోడు.
ఇస్త్రీ పెట్టె సల్లారకముందే
పాత చద్దరు వెచ్చజేసి కాలు కింద పెట్టేది అండమ్మ.
"మనిషికి చేసినట్టు చేస్తున్నవ్" అన్న.
"మనిషికి చేస్తె ఏదో ఒక వంక పెడ్తడు" అన్నది.
ఆ రాత్రి చారుల ఉప్పు లేకున్నా తిన్న.

పద్నాలుగో దినం కుట్లు ఇప్పిన్రు.
కరెంటు స్తంభం కాడికి పోయి
ఎప్పటోలె ఎనక కాలెత్తిండు,
ముందర కాలు ఆగలే, పడ్డడు.
ఎవలన్న చూసిన్రా అని నాలుగు దిక్కులు చూసిండు.
నేను పాంటు మీద గీత తీస్తున్నోని లెక్క
తల వంచిన.

భుజం కాడ గడ్డలేమన్న తగుల్తయేమో
చూసుకుంట ఉండుమన్నది డాక్టరమ్మ.
ముప్పై ఏండ్లు ముడతలెతికిన చెయ్యి,
రోజు రాత్రి బొచ్చుల ఎతుకుత.
నిన్నటి దాంక లేదు.
ఇయ్యాలది ఇంక చూడలే.

మొన్న వకీలు సాబు తెల్లంగి
మడత పెట్టి బల్ల మీద పెట్టి, చాయ్‌కు పోయొచ్చే వరకు
పిల్లిని తరుముకుంట బల్ల మీదికెల్లి దుంకిండు.
దుంకిండు!
అంగి రొమ్ము మీద నల్లటి అచ్చు:
ఒక మెత్త, మూడు వేళ్ళు.
నాలుగోది ఉండాల్సిన కాడ
తెల్లగ, ముడత లేని జాగ.

తిట్టిన. మస్తు తిట్టిన.
వకీలు సాబు రెండుసార్లు ఫోన్ చేసిండు.
పొద్దుగూకేదాంక ఉతకలే.