కదలని చుక్క

మార్క్వెట్‌లో మంచు పట్టి ఇది నాలుగో రోజు.
పద్నాలుగు గదుల మోటెల్‌లో మూడింట్లోనే మనుషులు.
కౌంటరు వెనక నేను, హీటరు, మూలిగే కంప్యూటరు.
రాత్రి పదకొండు దాటితే
నేను పైన్ ఫోర్క్ కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ని.
ఆ కాలేజీ ఈ పెట్టెలో తప్ప ఎక్కడా లేదు.

ఎజ్రా థోర్స్‌బీ. సాగినా కుర్రాడు. మెరుపు చేతులు.
వాడి కోసం ఐదు కాలేజీలు కాచుకుని ఉన్నాయి.
సోమవారం ఫోన్ చేస్తే
"మీ కాలేజీ చాలా నచ్చింది" అని తెర మీద పడింది.
గురువారం, "మీ కాలేజీ నచ్చింది."

ఆ "చాలా" ఎక్కడ జారిపోయింది?
అద్దెల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను:
ఎక్కువ పిలిచానా, తక్కువా?
ముందు వాళ్ళమ్మతో మాట్లాడాల్సిందా?
బాణం పైకి. బాణం అడ్డంగా. మళ్ళీ కొంచెం పైకి.
పదిహేడేళ్ళ గోడ మీద పిల్లి,
అదీ పాచికలేసి పుట్టించిన పిల్లి.
తెలుసు.
తెలిసే, నాడి పట్టుకుని కూర్చున్నాను తెల్లారేదాకా.
ప్రయాణాలకిచ్చిన డబ్బంతా సాగినా దారిలోనే పోశాను.

సంతకాల రోజున వాడు ఇంకెవరి టోపీనో పెట్టుకున్నాడు.
కారణం చెప్పలేదు.
ఈ ఆటకి కారణాలు చెప్పే అలవాటు లేదు.

జాబితా అడుగున ఓరిన్ లెమ్‌కూల్, ఎస్కనాబా.
ఆరడుగుల తొమ్మిదంగుళాలు, నత్త నడక,
ఫ్రీ త్రోలు నూటికి నలభై ఒకటి.
పేరు పక్కన పచ్చ చుక్క, మొదటి వారం నుంచీ.
పెరగలేదు, తరగలేదు.
నేనేమో పెరిగేదీ తరిగేదీ మాత్రమే చదివాను.
కదలనిది కబురే కాదనుకున్నాను.
ఒక్క ఫోనూ చేయని నా దగ్గరికి
స్కాలర్‌షిప్ లేకపోయినా వస్తానంటున్నాడు.

మూడున్నరకి మంచు తోసే బండి వచ్చింది.
వెర్నా హియెటాలా మా వాకిలి గీకి,
వెళ్ళబోతూ హెడ్‌లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించింది.
ఏడు చలికాలాలుగా ఇంతే.
స్విచ్చు వదులైందేమో అనుకునేవాణ్ణి.

బయట "గదులు ఖాళీ" బోర్డు ఎర్రగా వెలుగుతోంది.
దాని మీట నా మోకాలి పక్కనే.
మలుపులో బండి బ్రేకు దీపాలు వెలిగాయి,
జారుడుకో, మరి దేనికో.
చదవడం నాకు రాదని ఇందాకే తేలింది కదా.
చదవకుండానే
మీట కిందికి నొక్కాను.
మళ్ళీ పైకి.