ఆరూ పది మబ్బు

స్తంభం కొనడానికి గ్రాంటులో డబ్బు మిగల్లేదు.
దారేజాన్ వాళ్ల రాతి బురుజుకే కట్టాను పరికరాలు:
అడుగునొకటి, నడుమ రెండు, కప్పు మీద గాలిమర.
ఒకప్పుడు పగవాళ్ల రాకను కనిపెట్టిన బురుజు
ఇప్పుడు మబ్బుల మీద నిఘా వేస్తోంది.

"ఏం కొలుస్తావు పిల్లా?"
చీజ్ పిండిన చేతులు తుడుచుకుంటూ ఆవిడ.
నాది సముద్రపు బటూమి. ఇక్కడి స్వాన్ మాట నాకు సగమే వచ్చు.
"నేల మాట గాలి ఎంత ఎత్తు దాకా వింటుందో."
"మా ఇంట్లో నా మాట గడప దాకా" అని నవ్వింది.

ఎండెక్కితే గడ్డివాలు పట్టుకుని గాలి ఎగబాకుతుంది.
మధ్యాహ్నానికి ఉష్బా భుజం మీద మొదటి తెల్లపోగు.
రాత్రికి చలి
మోకాలి లోతు నీళ్లలా లోయలో నిలుస్తుంది.
దీనికో సమీకరణం ఉంది, బల్లపరుపు మైదానంలో పుట్టింది.
ఇక్కడికొస్తే
ఎత్తుమడమల చెప్పులేసుకొచ్చిన చుట్టంలా తూలుతుంది.

అలాంటి చోట, రోజూ ఉదయం, ఆరూ పది అటూ ఇటుగా
అడుగు సెన్సర్‌లో తేమ నూటికి నూరు.
వేడి మూడు డిగ్రీలు పైకి.
నలభై సెకన్లు. ఆపైన ఏమీ ఎరగనట్టు మామూలు.
పైవాటికి ఆ సంగతే తెలీదు.

టిబిలిసి నుంచి ప్రొఫెసర్ జుంబెర్ గొంతు తగ్గించి:
"ఎవరికీ చెప్పకు. ఇది కొత్తది."
నేను దానికి పేరు కూడా పెట్టేశాను.
నాలుగో అధ్యాయానికి శీర్షిక రాసేశాను.

ఇరవై రెండో రోజు నిద్ర పట్టక
దుప్పటి కప్పుకుని బురుజు మొదట్లో కూచున్నాను.
ఆరూ తొమ్మిది. మెడగంట చప్పుడు.
నుదుట తెల్లబొట్టున్న దారేజాన్ ఆవు
పాలిచ్చి, మేతకు పోతూ పోతూ ఆగి
సెన్సర్ గూటికి ముక్కు ఆనించి
ఊపిరి వదిలింది.
చిన్న మబ్బు. నిజం మబ్బే.
గూటిని ఓసారి నాకి, వెళ్లిపోయింది.

ఫోన్లో చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక దగ్గు.
"తీసెయ్."
తీసేశాను, ఇరవై రెండు ఉదయాలనీ.
గ్రాఫు నున్నబడింది.
ఉష్బా మబ్బు మాత్రం
నా లెక్క కంటే ఇవాళ కూడా రెండు గంటలు ఆలస్యం.

"కంచె వేయించనా?" అంది దారేజాన్.
వద్దన్నాను.

మర్నాడు వాన. ఆవును బయటికి వదల్లేదు.
ఆరూ పదికి గీత తిన్నగా పోయింది.
ఆరూ ఇరవై దాకా
స్క్రీన్ ముందే కూచున్నాను.