కింది గాటు

తవిటయ్య చెట్టెక్కితే
కింద తాడు పట్టేవాణ్ణి నేను.
పందొమ్మిదేళ్లు.
కవిటి చుట్టుపక్కల చాలామందికి
నా గడ్డం కింది పుట్టుమచ్చ తెలుసు,
ముఖం సరిగా తెలీదు.

పైన ఏం జరుగుతోందో
కళ్లకంటే ముందు అరచేతులకి తెలిసేది.
తాడు వదులైతే కొమ్మ మీద కూర్చున్నట్టు.
రెండుసార్లు గుంజితే
రంపం వద్దు, కత్తి పంపమన్నట్టు.
సన్నగా వణికితే
మామిడైతే చీమలు,
తాడైతే గాలి,
ఇంకేదైనా అయితే
భయం.
ఆ మాట ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

కొబ్బరి మొవ్వులో కొమ్ముపురుగుని
ఇనప కొక్కేనికి గుచ్చి లాగి
జేబులో వేసుకుని దిగేవాడు, లెక్కకి.
పురుగుకి రెండు రూపాయలు.
ఖాళీ అయిన చోట ఇసకా వేపపిండీ నింపేవాడు.
రోడ్డు పక్క నిద్రగన్నేర్లు తీగల మీదికి వాలితే
కరెంటోళ్లు కబురు పెట్టేవారు.
"లైను తీసీసినాం, ఎక్కు" అని లైన్‌మేన్ ఎంత అరిచినా
కదిలేవాడు కాదు.
చెవి ఊరి వైపు పెట్టి
పిండిమర ఆగిన చప్పుడు వినేదాకా
బీడీ కూడా ముట్టించేవాడు కాదు.

నాకు నేర్పింది ఒక్కటే.
"కొమ్మని ముందు కింద నుంచి కొయ్యాల్రా.
మూడో వంతు.
అప్పుడు పైన.
నేదంటే పడతా పడతా
తోలు ఒలుచుకుని పోతది, కడుపు దాకా.
మొదట్లో ముడతుంటాది చూడు,
దాన్ని ముట్టుకోకు.
అక్కడ్నించే గాయం మూసుకుంటాది.
మందేటీ రాయక్కర్నేదు, మనం గమ్మునుంటే చాలు."

తుపాను వెళ్లిన మర్నాడు
తాడు భుజాన వేసుకుని బయల్దేరాం, అలవాటు కొద్దీ.
ఎక్కడానికేమీ మిగల్లేదు.
కొబ్బరి తోటల మీద నడుచుకుంటూ పోయాం.
మొదటిసారి ఇద్దరం
రోజంతా ఒకే ఎత్తులో ఉన్నాం.
ఏం మాట్లాడుకోవాలో తోచలేదు.

బొరివంకలో నీలవేణి పనస
పంగ దగ్గర నిలువునా చీలిపోయింది.
కట్టెల లారీవాడు అప్పటికే బేరంలో ఉన్నాడు.
తవిటయ్య చీలికలో వేలు పెట్టి
కారుతున్న పాలు చూశాడు.
"బతికే ఉందమ్మా."
ఆ లారీవాడి జాకీయే అడిగి తెచ్చి,
విరిగిన కొమ్మల బరువు దించి,
తాళ్లేసి రెండు చెక్కల్నీ దగ్గరికి లాగి,
జీడిపిక్కల బట్టీ దగ్గర కొన్న పాత ఇనప చువ్వని
అటూ ఇటూ నట్లు బిగించి దిగ్గొట్టాం.
కూలెంతంటే
"కాస్తే రెండు కాయలు" అన్నాడు.
నాకు కోపమొచ్చింది. ఆ రోజు ఇంట్లో బియ్యం లేవు.

రెండేళ్లు పిందె లేదు.
మూడో వేసవిలో ఫోను చేసింది నీలవేణి.
చెట్టు మొదట్లో నేల బీటలిచ్చి
వాసనొస్తోందట.
తవ్వితే
వేరుకి కాసింది, మట్టిలో, ఒక్క కాయ.
సగం కోసి పంపింది.

అప్పటికి తవిటయ్యకి తినకూడదన్నారు.
పనస, అరటి, కొబ్బరినీళ్లు,
ఎక్కి దించినవన్నీ
కాగితమ్మీద వరసగా రాసిచ్చారు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు పలాస.
తోడు నేను.
బస్సులో ఎడం చెయ్యి చొక్కా పైకి మడిచి చూపించాడు,
రెండు నరాలు కలిపి కుట్టిన చోటు.
"అంటు కట్టినార్రా. ముట్టుకుని చూడు."
వేళ్లు ఆనించాను.
చర్మం కింద సన్నగా, ఆగకుండా
వణుకుతోంది.
మామిడి కాదు.
తాడి కాదు.
చెయ్యి తియ్యాలో వద్దో తెలీక అలాగే ఉంచాను.
టిక్కెట్టు టిక్కెట్టు అంటూ కండక్టరొచ్చి
నా భుజం తట్టాడు.

కంచిలి దాటాక
లైను కింద కొత్తగా నరికిన చెట్లు.
ఒకదాని కొమ్మ విరిగిన చోట
తోలు మూరెడు పొడుగు ఒలిచేసుంది, ఎర్రగా.
"ఢిల్లేసుగాడి పనే.
పై గాటు ముందేసినాడు, గాడిద కొడుకు"
అన్నాడు తవిటయ్య.
కిటికీలోంచి తల బయట పెట్టి
ఆ చెట్టు కనపడినంతసేపూ
తిడుతూనే ఉన్నాడు.