రెక్కల గుంటలు

కురుపాం మార్కెట్లో మూడో సందు.
"జర్మన్ సిల్వరు, పాతసామాన్ల బండికి వెయ్యి" అని
పక్కకొట్టు సన్యాసిరావు తిప్పి పంపితే
నా గడప ఎక్కింది గనగళ్ళ నూకరత్నం,
కొంగుచాటున ఓ చిన్న బుట్టతో.

ఉప్పుగాలికి నల్లబడ్డ బుట్ట.
అంచు చుట్టూ గులాబీల తీగ,
తీగ మోస్తూ రెక్కలున్న పసివాళ్ళు ఆరుగురు.
ఒకడికి ముక్కు అరిగిపోయింది.
జాలీ సందుల్లో వెల్లుల్లి పొట్టు.

అడుగున భూతద్దం పెట్టాను.
నెలవంక, పక్కన కిరీటం, ఎనిమిది వందల అంకె.
జర్మనీదే. వెండే.
జర్మన్ సిల్వరు మాత్రం కాదు.
ఈ తేడా సన్యాసిరావుకి చెప్పాలంటే ఓ పూట పడుతుంది.

"వాల్తేరు రైల్వే కోటర్సుల ఒలివ్ టీచరమ్మ ఇచ్చినాది బాబూ,
పదకొండు నెల్ల జీతం బదులు.
ఆయమ్మకి ఓడ దిగిన దొరసానెవులో ఇచ్చినాదంట,
రొట్టిలెట్టుకోమని.
మేవు ఎల్లుల్లి పోసుకున్నాం."

బుట్ట నడిమధ్య కోడిగుడ్డంత నున్నటి చోటు.
అక్కడ ఒక పేరుండేది.

ముప్ఫయ్యేళ్ళుగా పేర్లు చెరిపే చెయ్యి నాది.
పెళ్ళిచెంబుల మీద, పాలగిన్నెల మీద
'మేనమామ కానుక' అని చుక్కలు చుక్కలుగా కొట్టించినవి
కొలిమికి ముందు నా ఆకురాయి కింద పొడి అయ్యాయి.
దొంగసొత్తుకి గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి,
అప్పులవాడి గీత లోతుగా దిగుతుంది.
ఇది అలా లేదు.
ఒక్క వైపుకే, పల్చగా, నెమ్మదిగా,
నిద్రపోతున్న పాపకి తల దువ్వినట్టు.
తన పేరు తనే దువ్వి తీసేసుకుంది ఎవరో,
ఏ ఊళ్ళోనో,
మెట్ల మీద బూట్ల చప్పుడుకి చెవి ఒగ్గి.
ఓ అక్షరం కాలు మాత్రం మిగిలింది.
అది ఏ అక్షరమో నాకు తెలీదు,
ఆ బడికి నేను పోలేదు.

నాలుగు వందల పన్నెండు గ్రాములు.
నూటికి ఎనభై పాళ్ళు.
తరుగు పోను ఇంతొస్తుందని చెప్పాను.
బోటు ఇంజనుకి చాలదట, వలకి చాలుతుందట.
లేచింది. మళ్ళీ కూర్చుంది.
"ఈ రెక్కల గుంటలు కూడా కరిగిపోతారేటి బాబూ?"

నేను చిట్టా తిప్పుతూ ఉండిపోయాను.

పేరు రాసి చూపిస్తే వేలిముద్ర వేసింది.
డబ్బు రొంటిన దోపుకుని, పోతూ పోతూ
ముక్కులేనివాడిని ఓసారి తడిమి
మధ్యన నిమిరింది.
పేరు పోయిన చోట
ఊదారంగు బొటనవేలు.

కుర్రాడు మూస కడిగి తెచ్చాడు.
కొలిమి అప్పటికే రాజుకుంది.
రేపు చూద్దాంలే, అన్నాను.

రాత్రి అన్నం కలుపుతుంటే
వేళ్ళకి వెల్లుల్లి వాసన.